హైస్కూలు ఎదురుగా అద్దె ఫ్లాటు: చైతన్యపురిలో కొన్నేళ్ల అనుభవం

హైదరాబాద్ చైతన్యపురిలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఎదుటి అపార్ట్‌మెంటులో, మూడో అంతస్తున, రెండు పడకగదుల ఫ్లాటులో మా కుటుంబం చాలా కాలంగా అద్దెకు ఉంటోంది. మా అమ్మాయి ఆ బడిలోనే ఆరో తరగతిలో చేరి పదో తరగతి పూర్తి చేసింది. ఇప్పుడు అబ్బాయి అక్కడే చదువుతున్నాడు. ఇల్లు చూడడానికి వచ్చేవారందరూ మొదట శబ్దం గురించే అడుగుతారు గాని, అంతకన్నా ముందు చూసుకోవలసింది బడి గేటు ఏ వైపు ఉందన్నది.

బడి శబ్దానికి ఒక వేళ ఉంటుంది. ఉదయం ప్రార్థన, మధ్యాహ్న భోజనం తరువాత మైదానంలో కేకలు, సాయంత్రం చివరి గంట, ఇవన్నీ కొద్ది రోజుల్లోనే అలవాటైపోతాయి. చీకటి పడ్డాక మాత్రం మా వీధి ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. గేటు సంగతి వేరు. బడి మొదలయ్యే ముందు అరగంట పాటు ఆటోలు, స్కూటర్లు వీధి పొడవునా నిలిచిపోతాయి, సెల్లార్‌లోని కారు బయటికి రాదు. ఒకసారి మా అత్తయ్యగారికి ఆయాసం ఎక్కువైనప్పుడు సరిగ్గా అదే వేళ కావడంతో, ఆమెను వీల్‌చెయిర్‌లో వీధి చివరిదాకా తీసుకువెళ్లి, అక్కడ ఆటో ఎక్కించవలసి వచ్చింది. పెద్దవాళ్లున్న కుటుంబాలు ఈ ఒక్క విషయాన్ని తేలికగా తీసుకోవద్దని మనవి. ఫ్లాటును ఆదివారం చూసి అడ్వాన్సు ఇవ్వకండి. పనిదినం ఉదయం బడివేళకు వెళ్లి చూడండి.

శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం విద్యాసంస్థల చుట్టూ కనీసం 100 మీటర్ల ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు; అక్కడ పగటి శబ్దం 50 డెసిబెల్స్ దాటకూడదు. హారన్ల విషయంలో మా వీధిలో ఇది అమలు కావడం లేదు, కావాలని గట్టిగా కోరుకుంటున్నాను. విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదన్న 2003 నాటి చట్టం మాత్రం ఇక్కడ పనిచేస్తోంది. వీధి మొదట్లో పాన్ డబ్బా లేకపోవడం ఎదిగే పిల్లలున్న ఇంటికి ఎంత ఊరటో నాకు తెలుసు.

అద్దె ఒప్పందం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. యజమానులు సాధారణంగా దాన్ని 11 నెలలకే రాయిస్తారు. బడి దగ్గరి ఫ్లాట్లకు గిరాకీ అంతా ఏప్రిల్ నుంచి జూన్ దాకా, అంటే అడ్మిషన్ల కాలంలోనే ఉంటుంది. మేము జూన్‌లో చేరడం వల్ల మొదటి గడువు ఏప్రిల్ నెలాఖరుకు ముగిసింది, యజమాని అద్దె బాగా పెంచారు, మరో ఇల్లు వెతుక్కునే వ్యవధి లేక ఒప్పుకున్నాం. కాని ఒప్పందం తిరిగి రాసిన ప్రతిసారీ గడువు అంతకు ముందటి ఏడాది కన్నా ఒక నెల ముందే ముగుస్తూ, ఇప్పుడు చలికాలంలోకి వచ్చింది. ఆ రోజుల్లో ఫ్లాటు ఖాళీ అయితే కొత్తవారు దొరకడం కష్టం కాబట్టి, పెంపు గురించి మాట్లాడుకోవడానికి మనకూ వీలుంటుంది. జూలైలో చేరేవారికి గడువు సరిగ్గా మే నెలాఖరుకు తీరుతుంది గనుక, వారు ముందే పెంపు శాతాన్ని ఒప్పందంలో రాయించుకోవడం మంచిది.

వేసవిలో మైదానం దుమ్ము దోమతెరలను పట్టేస్తుంది, వారానికోసారి కడగాలి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నాలు నిశ్శబ్దమే. కొన్ని ఆదివారాలు ఉద్యోగ పరీక్షలకు ఇదే కేంద్రం కావడంతో, ఆ రోజుల్లోనూ ఉదయం వీధి నిండిపోతుంది.

పిల్లలు నడిచి వెళ్లి నడిచి రావడం, ఆటో ఖర్చు లేకపోవడం, మధ్యాహ్నం జ్వరం వస్తే క్షణాల్లో ఇంటికి తెచ్చుకోగలగడం, ఇవన్నీ మాకు ఆ ఇబ్బందుల కన్నా ఎక్కువే. అబ్బాయి పదో తరగతి అయ్యేదాకా ఇక్కడే ఉంటాం. ఆ తరువాత అత్తయ్యగారి కోసం, అంబులెన్సు ఏ వేళనైనా గుమ్మం దాకా రాగలిగే వీధిలో ఇల్లు చూసుకుంటాం.