జీడితోటలో రెసిప్రొకేటింగ్ సా: అంతా బాగుంది, ఒక్క కాలరు తప్ప

రెసిప్రొకేటింగ్ సా, అంటే సన్నని బ్లేడు ముందుకూ వెనక్కూ కదులుతూ కోసే మోటారు రంపం, కొనదలచినవారు దుకాణంలో మోటారు శక్తిని గురించి, నిమిషానికి బ్లేడు ఎన్నిసార్లు ముందుకూ వెనక్కూ కదులుతుందన్న లెక్కను గురించి ఎన్ని ప్రశ్నలైనా అడుగుతారు గానీ, ఆ బ్లేడును పట్టి ఉంచే కాలరు ఎలా తెరుచుకుంటుందో, అందులో రంపపు పొట్టు చేరితే ఎటు పోతుందో అడిగినవారిని నేను ఇంతవరకు చూడలేదు. శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు వైపు మా జీడితోటలో కొన్నేళ్లుగా ఒకే యంత్రాన్ని వాడుతున్న నాకు, దాని మంచీ చెడూ తేలేది ఆ కాలరు దగ్గరేనన్న అభిప్రాయం గట్టిపడింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి, మా ఊరికి చాలా రోజులపాటు కరెంటు రాలేదు. అందువల్ల వైరుతో నడిచే రకాన్ని మొదటే పక్కన పెట్టి, 18 వోల్టుల బ్యాటరీ రకాన్ని తీసుకున్నాను. పెట్రోలుతో నడిచే గొలుసు రంపం ఇంతకన్నా వేగంగా కోస్తుంది, అందులో సందేహం లేదు. అయితే మా గట్ల మీది పాత చెట్లకు ఎప్పుడో కొట్టిన మేకులు, కంచె ముళ్లతీగ బెరడులోపలికి కూరుకుపోయి ఉంటాయి, వేళ్ల దగ్గరకు పోతే అంతా ఇసుకే. అటువంటి చోట గొలుసు పళ్లు ఒక్క కోతకే మొద్దుబారుతాయి. ఇక్కడైతే పోయేది ఒక బ్లేడు, అంతే.

కొన్న మొదటి ఏడాది ఈ కాలరునే నేను అందరికీ చూపించి మెచ్చుకున్నాను. స్క్రూ విప్పే ఆరు పలకల ఎలెన్ కీ అవసరం లేదు, కాలరును వేళ్లతో తిప్పి, బ్లేడు పెట్టి, వదిలేస్తే చాలు, స్ప్రింగు దానంతటదే బిగిసిపోతుంది. ఆ మెప్పును ఇప్పుడు పూర్తిగా వెనక్కు తీసుకోవడం లేదు, ఎండాకాలంలో, ఎండు కట్టె మీద అది ఈనాటికీ నిజమే.

చిక్కు వానాకాలంలో వచ్చింది. పంట అయిపోయాక ఎండు కొమ్మలనూ పురుగు పట్టిన చెట్లనూ తీసివేసే పని పెట్టుకున్నాము. కాండం తొలిచే పురుగు పట్టిన జీడిచెట్టు మొదలు దగ్గరి రంధ్రాల నుంచి పొట్టుతోపాటు జిగురు కారుతుంది, అక్కడ కోస్తున్నప్పుడు ఆ జిగురూ తడి పొట్టూ కలిసి బ్లేడు వెంట నేరుగా కాలరులోకి చేరాయి. మధ్యాహ్నం భోజనాలకు ఆపి తిరిగి మొదలుపెట్టిన కాసేపటికి, బ్లేడు కొన మట్టిలో రాయికి తగిలి, వంగి, మెడ దగ్గర పుటుక్కున విరిగింది. బ్లేడు విరగడం ఈ యంత్రంలో వింత కాదు. విరిగిన ముక్క లోపలే ఉండిపోవడం, కాలరు ఎటూ కదలకపోవడం, కూలికి వచ్చినవాళ్లు పని లేక చెట్టు కింద కూర్చోవడం మాత్రం నేను ఊహించనివి.

కాశీబుగ్గలో మోటార్లు బాగుచేసే చోటికి తీసుకుపోతే, అక్కడ కిరసనాయిలు పోశారు, తుప్పు వదిలించే స్ప్రే కొట్టారు, చివరికి పటకారుతో తిప్పి కాలరు అంచును గీతలుపడేలా చేశారు. జీడితో పని అనగానే మా వైపు అందరికీ గింజ పెంకులోని నూనే గుర్తుకు వస్తుంది, దానికి విరుగుడు మరో నూనె అన్నది ఫ్యాక్టరీలలో పనిచేసే ప్రతివారికీ అలవాటైన సంగతి. చెట్టు జిగురు సంగతి వేరు. ఇంటికి తెచ్చాక మా పెద్దమ్మ చూసి, "జిగురుకి కిరసనాయిలేటిరా బాబూ, వేణ్నీళ్లు పొయ్యి" అంది. నిజానికి జీడి జిగురు తుమ్మ జిగురు జాతిదే, నూనెకు లొంగదు, నీటికి మెత్తబడుతుంది. బ్యాటరీ తీసివేసి, నీళ్లు మోటారు వైపు పోకుండా ముందుభాగాన్ని కిందికి వంచి, వేడినీళ్లలో ముంచిన గుడ్డను కాలరు చుట్టూ మళ్లీ మళ్లీ చుట్టగా, చివరికి అది కదిలింది, ముక్క రాలిపడింది. వెంటనే ఆరబెట్టి నూనె చుక్క వేశాను.

అయినా కథ అక్కడితో ఆగలేదు. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊరు కావడం వల్ల కాబోలు, లోపలి స్ప్రింగు తుప్పుపట్టి బలహీనపడింది, కాలరు పూర్తిగా వెనక్కు తిరగక, ప్రతిసారీ వేలితో నెట్టి, బ్లేడును లాగి చూసుకోవలసి వస్తున్నది. విశాఖలోని సర్వీసు కేంద్రంవారు అది అరిగిపోయే భాగం కనుక వారంటీకి రాదన్నారు. సరే, డబ్బిచ్చే కొంటానంటే, కాలరును విడిగా అమ్మరట, దానితోపాటు ముందుకూ వెనక్కూ కదిలే ఇనుప కడ్డీ మొత్తం కొనాలట. చిటికెడు స్ప్రింగు కోసం యంత్రం ధరలో చెప్పుకోదగిన భాగం చెల్లించమనడం నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

మా బావగారి దగ్గర వైరుతో నడిచే పాత యంత్రం ఉంది. దానికి బ్లేడు మార్చాలంటే ఎలెన్ కీతో స్క్రూ విప్పాలి, ఆ కీ ఎప్పుడూ కనిపించదు, కానీ ఆ పట్టు ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. ఈమధ్య పక్కన లివరు ఉండే రకాన్ని కూడా చేతిలోకి తీసుకుని చూశాను. లివరు ఎత్తితే బ్లేడు పట్టే చోటు తెరుచుకుని లోపలి పొట్టు రాలిపోతుంది, తడి చేతితో కూడా పట్టు దొరుకుతుంది. దుకాణంలో చేతికి తొడుగు వేసుకుని బ్లేడును ఒకసారి పెట్టి తీయడం, ఆ భాగం విడిగా దొరుకుతుందా అని అడగడం, నా దృష్టిలో వాట్ల లెక్క కన్నా ముఖ్యం.

బ్లేడ్ల విషయంలో యంత్రం కంపెనీకే కట్టుబడనక్కరలేదు, కాలరులో దూరే బ్లేడు మెడ కొలత దాదాపు అన్నింటికీ ఒకటే. పచ్చి కొమ్మకు అంగుళానికి ఐదు పళ్లున్న పెద్దపళ్ల బ్లేడు, మేకులున్న కట్టెకు ఆరు నుంచి పది పళ్ల బైమెటల్ (రెండు లోహాలు కలిపి చేసిన) బ్లేడు సరిపోతాయి. యంత్రం ముందు బ్లేడు చుట్టూ ఉండే ఆనుడు పలకను (షూ) చెట్టుకు ఆనించి నొక్కి పట్టకపోతే ఏ బ్లేడైనా కోయడం మాని చేతులను కుదిపేస్తుంది.

పలాసలోనో శ్రీకాకుళంలోనో పాత ఇళ్ల తలుపుచట్రాలూ పైపులూ కోసుకునేవారికి నా ఫిర్యాదు అసలు తగలకపోవచ్చు, వారికి ఈ యంత్రాన్నే నిస్సంకోచంగా చెబుతాను. జిగురు కారే చెట్లు, ఉప్పుగాలి, దూరాన ఉన్న సర్వీసు కేంద్రం, ఈ మూడూ ఉన్నవారు మాత్రం కొంచెం ఆలోచించాలి. నావరకు బ్యాటరీలు రెండూ ఇంకా బాగున్నాయి కనుక, వేడినీళ్ల గుడ్డతో నెట్టుకొస్తున్నాను. అవి పోయిననాడు లివరు రకానికి మారతాను, అదీ దాని విడిభాగాలు విశాఖ దాకా పోకుండా దొరికేటట్టయితేనే.