పాత క్యాసెట్టా, ఆన్‌లైన్ ఎపిసోడా?

1984లో దూరదర్శన్‌లో మొదలైన హిందీ హాస్య సీరియల్ ‘యే జో హై జిందగీ’ మళ్లీ చూడాలనిపిస్తే దారులు రెండు: ఆన్‌లైన్‌లో దొరికే ఎపిసోడ్లు, లేదా అటక మీది వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్‌ను డిజిటల్ చేయించడం.

ఖర్చు: ఆన్‌లైన్‌కు డేటా చాలు. క్యాసెట్‌కు షాపులో డబ్బు పెట్టాలి.

శ్రమ: ఆన్‌లైన్‌లో వెతుక్కోవడమే. క్యాసెట్ ఆడినంత సేపూ కాపీ అవుతుంది. ఈ-180 రకం క్యాసెట్ అయితే 3 గంటలు. పైగా క్యాసెట్ ఆడించే కొత్త వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది.

రిస్క్: ఆన్‌లైన్ వీడియో ఏ రోజైనా మాయం కావచ్చు. క్యాసెట్‌కు బూజు శత్రువు. టేపు అంచున తెల్లటి పొడి కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టకండి, టేపును చదివే హెడ్ కూడా పాడవుతుంది. మాది ఒకటి షాపులో శుభ్రం చేయకుండానే తిప్పేశారు. టేపు నలిగి చేతికొచ్చింది.

ప్రకటనలు: అసలు తేడా ఇక్కడే. ఆన్‌లైన్‌లో వాటిని చాలావరకు కోసేస్తారు. ఈ సీరియల్‌కు స్పాన్సర్ విక్కో. ఆ వజ్రదంతి టూత్‌పేస్ట్ ప్రకటన పాట లేకుండా శుక్రవారం రాత్రి ఏం బాగుంటుంది? టీవీ నుంచి రికార్డు చేసేటప్పుడు మా నాన్న ప్రకటన రాగానే పాజ్ నొక్కేవారు. అదృష్టం కొద్దీ ఎప్పుడూ ఆలస్యమే! అందుకే సర్ఫ్ ప్రకటనలోని లలితాజీ నీలం అంచు తెల్లచీరలో రెండు క్షణాలు మా క్యాసెట్‌లో మిగిలిపోయింది.

వారానికో వేషంలో నటుడు సతీశ్ షాను చూసి నవ్వుకోవడానికైతే ఆన్‌లైన్ చాలు. ఇంట్లో రికార్డు చేసిన క్యాసెట్ బూజు పట్టకుండా ఉంటే మాత్రం ఈ ఎండాకాలంలోనే కాపీ చేయించండి, ప్రకటనలు కోయొద్దని షాపువాడికి గట్టిగా చెప్పి మరీ.