మారతహళ్లి నెట్‌వర్క్ సర్వీస్: డీఎంజెడ్ అంటే ఏంటో చేసి చూపించారు

మారతహళ్లిలో మాది చిన్న రక్తపరీక్షల ల్యాబ్. పేషెంట్లు ఫోన్‌లోనే రిపోర్టు చూసుకునేలా ల్యాబ్‌లోనే ఒక సర్వర్ పెట్టుకున్నాం. అంతకుముందు వచ్చిన షాపువాళ్లు రౌటర్‌లో డీఎంజెడ్ (డీమిలిటరైజ్డ్ జోన్, అంటే ఇంటర్నెట్‌కీ లోపలి నెట్‌వర్క్‌కీ మధ్య విడిగా ఉంచే భాగం) అనే ఆప్షన్ ఆన్ చేసి, సర్వర్ అడ్రస్ కొట్టి, ఇక సేఫ్ అని చెప్పి వెళ్లిపోయారు. సేఫ్ కాదు. ఈ సర్వీస్ తరఫున మదనపల్లె కుర్రాళ్లు రాగానే మొదట ఆఫ్ చేసింది దాన్నే.

ఇళ్లలో వాడే రౌటర్లలో ఆ ఆప్షన్, బయటి నుంచి ఏ పోర్టుకి (కనెక్షన్లు లోపలికొచ్చే నంబరు ద్వారం) ఏ కనెక్షన్ వచ్చినా తీసుకెళ్లి ఆ ఒక్క మెషిన్‌కి అప్పజెబుతుంది. ఆ మెషినేమో బిల్లింగ్ కంప్యూటర్ల నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. సర్వర్‌లో ఎవడైనా దూరితే పక్కనే పేషెంట్ల వివరాలన్నీ! 2016లో మిరాయ్ అనే మాల్వేర్, ఇంటర్నెట్‌కి బార్లా తెరిచి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన కెమెరాల్లోకీ, వాటి వీడియో రికార్డు చేసే డీవీఆర్‌లలోకీ లక్షల్లో దూరింది.

వీళ్లు ఫైర్‌వాల్ (ఏ కనెక్షన్ పోనివ్వాలో, ఏది ఆపాలో చూసే కాపలా) పెట్టి మూడు దారులు విడదీశారు: ఇంటర్నెట్‌కి ఒకటి, ల్యాబ్‌కి ఒకటి, సర్వర్‌కి విడిగా ఒకటి. బయటివాళ్లు సర్వర్ దాకా రావచ్చు, అదీ వెబ్ పోర్టుకే. ల్యాబ్ నుంచి సర్వర్‌కి రిపోర్టులు వెళ్తాయి. సర్వర్ మాత్రం తనంతట తాను ల్యాబ్‌లోకి రాలేదు. "చూడక్కా" అని ఒకతను సర్వర్ నుంచి బిల్లింగ్ కంప్యూటర్‌కి పింగ్ కొట్టాడు, అంటే అది పలుకుతుందా అని చూశాడు. వరసగా 'రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్', అంటే జవాబే లేదు. ఫైర్‌వాల్ లాగ్ తెరిస్తే ఆపేసిన ప్రయత్నాలన్నీ అందులో కనబడ్డాయి. ల్యాబ్ వైపు నుంచి రిపోర్టు పంపితే మాత్రం టక్కున వెళ్లింది.

కొరియాలోనూ 1953 జూలై 27 ఒప్పందంతో రెండు సైన్యాలూ సరిహద్దు గీతకి చెరో 2 కిలోమీటర్లు వెనక్కి జరిగితేనే మధ్యలో 4 కిలోమీటర్ల సైనికరహిత ప్రాంతం, అంటే డీఎంజెడ్, ఏర్పడింది. స్వదేశానికి వెళ్లబోమన్న యుద్ధఖైదీలకు అక్కడ కాపలా కాసింది మన భారత సైనికులే. ఆ ఖైదీల సంగతి చూసిన తటస్థ దేశాల కమిషన్‌కి అధ్యక్షుడు మన కొడగు జనరల్ తిమ్మయ్య. ఇది చదివినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. అక్కడ రెండు వైపులా కంచె ఉంది. మా పాత రౌటర్‌లో సర్వర్‌కి ఏ వైపూ అడ్డు లేదు.

పనికి అయిదు స్టార్లూ ఇస్తాను. కేబుళ్లకి లేబుళ్లు కూడా అంటించారు. ఒకటే లోటు, ఫైర్‌వాల్ రూల్స్ కాగితం మీద రాసివ్వమంటే రెండు మూడుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది. పిలిచేవాళ్లు డబ్బు ఇచ్చే ముందే ఆ కాగితం, ఫైర్‌వాల్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగి తీసుకోండి. ఆదివారం రారు.