న్యూ ఆల్ఫాబెట్ ఫాంట్: తంటా అంతా ఆ అడ్డగీతతోనే

పోస్టర్లకీ టైటిల్స్‌కీ ఈ ఫాంట్ ఏళ్ల తరబడి వాడుతున్నా. చదవడం కష్టం అని అందరూ అనేదే, అది వదిలేద్దాం. నా గోలంతా ఎమ్, డబ్ల్యూల గురించే.

ఇందులో అక్షరాలన్నీ ఒకే వెడల్పు, వంపులుండవు, మూలల్లో చిన్న కోతలు తప్ప ఏటవాలు గీతలూ ఉండవు, మరి ఎమ్‌కి మూడో కాలు ఎక్కడ ఇరికిస్తాడు, అందుకని దీన్ని చేసిన డచ్ డిజైనర్ విమ్ క్రౌవెల్ ఎన్ కింద ఓ అడ్డగీత గీసి ఇదే ఎమ్ అనుకోమన్నాడు. డబ్ల్యూకీ అదే వైద్యం.

ఒక ఈవెంట్ పోస్టర్‌లో ఇంగ్లీషులో సమ్మర్ అనే మాట పెద్దగా పెట్టా. ప్రూఫ్ ఓకే అయింది, అక్షరాల్ని కర్వ్స్ చేసి, అంటే ఫాంట్ అక్కర్లేని బొమ్మలుగా మార్చి, ప్రింట్‌కి పంపేశా. అక్కడ ఫైల్ ఓపెన్ చేసినతను మధ్యలో రెండక్షరాల కిందే గీతలుండటం చూసి, ఎవరో పొరపాటున పెట్టిన అండర్‌లైన్ అనుకుని శుభ్రంగా డిలీట్ కొట్టాడు. మంచి చేద్దామనే చేశాడు పాపం, తిట్టడానికి కూడా లేదు. అచ్చయి వచ్చాక చూస్తే సమ్మర్ కాస్తా సన్నర్! ఇంకా చిత్రం ఏంటంటే క్లయింట్ వైపు ఒక్కరూ పట్టుకోలేదు, ఎందుకంటే పెద్దక్షరాల్ని మొదట్నుంచీ ఎవరూ చదవట్లేదు, వాటిని బొమ్మలా చూసేసి కింద చిన్నగా ఉన్న మామూలు ఫాంట్ చదువుకుంటున్నారు. మళ్ళీ వేయిద్దామని గొడవ పెట్టింది నేనొక్కడినే, ఎవరూ వినలేదు. ఇప్పుడు ప్రింట్‌కి పంపే ప్రతి ఫైల్ మీదా గీతలు అక్షరంలో భాగమే, తీయొద్దు అని రాసి మరీ పంపుతున్నా. ఇక రెండు లైన్లు దగ్గరగా పెడితే ఆ గీత వెళ్లి కింది లైన్ నెత్తిన కూర్చుంటుంది, అదింకో తలనొప్పి.

క్రౌవెల్‌ని అని మాత్రం లాభం లేదు. పాత టీవీ లాంటి సీఆర్‌టీ తెర మీద అక్షరాలు కూర్చే అప్పటి టైప్‌సెట్టింగ్ మెషిన్లు వంపుల్ని మెట్లు మెట్లుగా విరిచేస్తున్నాయని 1967లో చేసిన ప్రయోగం ఇది, నిజంగా వాడటానికి కాదని ఆయనే చెప్పాడు. 1988లో ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ జాయ్ డివిజన్ ఆల్బమ్ సబ్‌స్టాన్స్ కవర్ మీద కూడా దీన్ని ఉన్నదున్నట్టు పెట్టలేదు, చదవడానికి వీలుగా కొంచెం మార్చే వాడారు.

నేను అస్సలు ఊహించని లాభం యానిమేషన్‌లో దొరికింది. అన్నీ ఒకే గ్రిడ్ మీద కూర్చున్న అక్షరాలు కదా, ఒకదాన్ని ఇంకోదానిగా మార్చాలంటే గీతలు పక్కకో పైకో జరిగితే చాలు, మధ్యలో ఎక్కడా వికారంగా ఉండదు. వంపులున్న ఫాంట్‌తో ఇదే చేయబోతే మధ్య ఫ్రేముల్లో అక్షరాలు ముద్దలైపోతాయి. నిలువుగా పేర్చినా అంతే, ఒకదాని కింద ఒకటి కొలిచినట్టు కూర్చుంటాయి.

ఏ హెడ్డింగ్‌కైనా పనికొస్తుందని ఒకప్పుడు అంటుండేవాణ్ణి, ఇప్పుడైతే ఒక్క మాట, అదీ చూసేవాళ్ళకి ముందే తెలిసిన పేరైతేనే పెడుతున్నా, అందులో ఎమ్ లేకపోతే మరీ సంతోషం. నావి ఎక్కువగా షో టైటిల్సే, కింద మామూలు ఫాంట్‌లో ఎలాగూ రాస్తాం కాబట్టి నాకు సరిపోతోంది. యాప్ స్క్రీన్లు, సైన్‌బోర్డులు చేసేవాళ్ళయితే దీని జోలికి రాకపోవడమే మంచిదేమో.