డెబియన్ 13: పాత ల్యాప్‌టాప్ మీద, తెలుగు పనికి, టెర్మినల్ నేర్చుకోవడానికి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిది గానీ ఆ తర్వాతది గానీ అయి ఉండాలి. ఏ లోపమూ లేని ఆరో తరం, ఏడో తరం ల్యాప్‌టాప్‌లు ఈ గీతకు ఇవతలే మిగిలిపోయాయి, బెంగళూరు ఎస్పీ రోడ్డులోని సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో అవి సులభంగా దొరుకుతాయి. అలాంటి ఒక ఆరో తరం ఐ5 యంత్రం మీద, ఎనిమిది జీబీ ర్యామ్‌తో, 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెట్టుకుని పని చేస్తున్నాను. నా పని తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దడం, దానికి తోడు మారతహళ్లిలోని మా తెలుగు సంఘం సభ్యుల జాబితాలు, లెక్కలు చూడడం. ఈ సమీక్ష ఆ రెండు పనుల మీద నిలబడి రాస్తున్నది. కమాండ్ల పేర్లను పలికే తీరులో రాశాను, కీబోర్డు మీద మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

కొనేటప్పుడే డెబియన్ ఉపయోగపడుతుందన్న సంగతి చాలామంది గమనించరు. నేరుగా నడిచే దాని లైవ్ ఇమేజ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని వెళితే, ల్యాప్‌టాప్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే దుకాణంలో, డబ్బు కట్టక ముందే, వైఫై, స్పీకర్, కెమెరా, కీబోర్డు మీటలన్నీ పరీక్షించవచ్చు. టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే తెర) తెరిచి 'అప్‌పవర్' కమాండ్‌తో బ్యాటరీ వివరాలు అడిగితే, అది కొత్తగా ఉన్నప్పుడు ఎంత శక్తి పట్టేదో, ఇప్పుడు నిండుగా చార్జ్ చేస్తే ఎంత పడుతోందో పక్కపక్కనే కనిపిస్తాయి. రెండో అంకె మొదటిదానిలో సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చును ధరలో తగ్గించమని అడగడానికి అంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు. డిస్కు ఆరోగ్యం చూడడానికి 'స్మార్ట్‌సీటీఎల్' అనేది వేరే ఉంది, ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్ కలిపి దాన్ని అక్కడికక్కడే తెచ్చుకోవచ్చు. ఏళ్ల తరబడి బేరాలు చూసిన దుకాణదారులు ఈ పరీక్షకు అభ్యంతరం చెప్పరు. చెప్పినచోట కొనకపోవడమే మేలు.

ఇన్‌స్టాలర్ గురించి ఒక్క హెచ్చరిక చేయాలి. మధ్యలో అది రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) పాస్‌వర్డ్ అడుగుతుంది. అక్కడ ఏదైనా పాస్‌వర్డ్ ఇస్తే, మీరు సృష్టించుకున్న సొంత ఖాతాకు 'సుడో' అధికారం, అంటే అవసరమైనప్పుడు రూట్ పనులు చేసే వీలు, రాదు. ఆ గడిని ఖాళీగా వదిలేస్తేనే వస్తుంది. తెరమీద ఈ మాట రాసే ఉంటుంది గానీ, పాస్‌వర్డ్ గడి కనిపిస్తే నింపడం అందరికీ అలవాటు, తర్వాత మొదటిసారి సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయబోయినప్పుడు మీకు అనుమతి లేదని సందేశం వస్తుంది. రూట్‌గా లాగిన్ అయి 'యాడ్‌యూజర్' కమాండ్‌తో మీ పేరును సుడో గుంపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రావాలి. కొత్తవారిని భయపెట్టే ఈ మలుపును డెబియన్ ఇంతకాలంగా ఎందుకు ఇలాగే ఉంచిందో నాకు అంతుపట్టదు, దీన్ని లోపంగానే లెక్కిస్తున్నాను. వైఫై సంగతి మాత్రం మెరుగైంది. స్వేచ్ఛా లైసెన్సు లేకపోయినా వైఫై వంటి పరికరాలు నడవడానికి కావలసిన ఫర్మ్‌వేర్‌ను కూడా అధికారిక ఇమేజ్‌లోనే ఇవ్వాలని 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి నిర్ణయించారు. డెబియన్ 12 నుంచి అది అమలులో ఉంది.

రోజువారీ పనుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, వీడియో కాల్స్, ప్రింటర్ అన్నీ సాఫీగా నడుస్తున్నాయి. తెలుగు టైపింగ్ విషయంలో బెంగళూరు వాసులకు ప్రత్యేకంగా పనికొచ్చేది ఒకటుంది. కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, సరళ లేఅవుట్లతోపాటు 'కగప' అనే ఫొనెటిక్ లేఅవుట్ కూడా ఉంటుంది. బెంగళూరులోని కన్నడ గణక పరిషత్తు పేరు మీదుగా వచ్చిన లేఅవుట్ అది, కన్నడానికీ అదే పేరుతో ఉంది. మీటల అమరిక ఒకటే కావడంతో, ప్రూఫులు తెలుగులో దిద్దుకుంటూ మధ్యలో అపార్ట్‌మెంటు సంఘం నోటీసు కన్నడంలో కొట్టాల్సి వస్తే వేళ్లు కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు. ఫాంట్లలో పోతన, వేమన డెబియన్ ప్యాకేజీల్లోనే దొరుకుతాయి. సిలికానాంధ్ర స్వేచ్ఛగా అందించిన మండలి, సురన్న, రామభద్ర వంటివి దించుకుని ఫాంట్ల ఫోల్డర్‌లో వేసుకుంటే చాలు.

ఇక టెర్మినల్. డెబియన్ 13లో ఉన్న దాదాపు 70 వేల ప్యాకేజీల్లో నేను నిజంగా ఆధారపడేవి కొన్నే, వాటిలో 'గ్రెప్' మొదటిది. 1973లో కెన్ థాంప్సన్ రాసిన ఈ చిన్న పనిముట్టు చేసేదల్లా ఇచ్చిన మాట ఉన్న వరుసలను వెతికి చూపించడమే. ప్రూఫ్ రీడర్‌కు ఇంతకు మించిన సాయం లేదు. నా దగ్గర ఒక మామూలు టెక్స్ట్ ఫైలు ఉంది. అందులో నాకు తరచుగా ఎదురయ్యే తప్పు రూపాలు వరుసకు ఒకటి చొప్పున రాసుకున్నాను: 'ఉద్ధేశం', 'శతృవు', 'విధ్యార్థి' వంటివి. రచయిత పంపిన అధ్యాయాలను లిబ్రెఆఫీస్‌ను కమాండ్ లైన్ నుంచే నడిపి టెక్స్ట్‌గా మార్చుకుంటాను, ఆ తర్వాత గ్రెప్‌కు ఈ తప్పుల ఫైలును ఇచ్చి అన్ని అధ్యాయాలనూ ఒకేసారి వెతకమంటే, ఏ అధ్యాయంలో ఎన్నో వరుసలో ఏ తప్పు ఉందో జాబితా వచ్చేస్తుంది. 'ఉద్ధేశం' అని అడిగితే 'ఉద్ధేశంతో', 'ఉద్ధేశంగా' కూడా పట్టుబడతాయి. మాట చివర విభక్తులు చేరే మన భాషకు ఇది బాగా నప్పుతుంది. పుస్తకం మొత్తాన్ని కళ్లతో చదవడం ఎలాగూ తప్పదు గానీ, యంత్రం పట్టగలిగిన తప్పుల కోసం కళ్లు అలసిపోనక్కర్లేదు.

మరింత లోతైన అవసరం ఒకటుంది, తెలుగు వంటి లిపుల్లో పని చేసేవాళ్లకు తప్ప ఇతరులకు అది అంతగా తెలియదు. 'ల్యాప్‌టాప్' వంటి మాటల్లో పొల్లు విడిగా నిలబడాలంటే పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక యూనికోడ్ అక్షరం పడాలి. కొందరు దాన్ని వేస్తారు, కొందరు వేయరు, పాత ఫాంట్ల నుంచి మార్చిన పాఠాల్లో అది అక్కర్లేని చోట కూడా వచ్చి కూర్చుంటుంది. అప్పుడు చూడడానికి ఒకేలా ఉన్న రెండు మాటలు వెతుకులాటలో వేర్వేరు మాటలవుతాయి, ఒకటి దొరికి రెండోది జారిపోతుంది. మామూలు ఎడిటర్ తెరమీద ఈ తేడా కనిపించదు. గ్రెప్‌కు ఆ అక్షరం యూనికోడ్ సంఖ్యను ఇస్తే అది ఉన్న వరుసలన్నీ బయటపడతాయి, పాఠంలో మార్పులు చేసే 'సెడ్'తో మాట చివర అనవసరంగా ఉన్నవాటిని తీసేయవచ్చు. టెర్మినల్ నేర్చుకున్నందుకు నాకు దక్కిన అతిపెద్ద ఫలితం ఇదే.

సంఘం జాబితాలకు 'పైప్' ఉపయోగపడుతుంది. ఒక కమాండ్ ఇచ్చిన ఫలితాన్ని నేరుగా తర్వాతి కమాండ్‌కు అందించే నిలువు గీత అది. ఉగాది సంబరాలకు పేర్లు నమోదు చేసుకునేటప్పుడు భార్య ఒకసారి, భర్త ఒకసారి అదే ఫోన్ నంబరుతో ఫారం నింపుతారు, పేర్లలో ఇంటిపేరు ముందూ వెనకా అవుతుంది కాబట్టి పేరుతో పోల్చి లాభం లేదు. జాబితాలోంచి 'కట్'తో ఫోన్ నంబర్ల వరుసను తీసి, వాటిని క్రమంలో పేర్చే 'సార్ట్'కు అందించి, దాన్నుంచి 'యూనిక్'కు పంపి, రెండోసారి వచ్చినవి మాత్రమే చూపించమంటే ఒక్క వరుసలో పని తేలిపోతుంది. యూనిక్ పక్కపక్కన ఉన్న వరుసలనే పోలుస్తుంది, అందుకే సార్ట్ ముందు రావాలి. ఈ కారణం ఎవరూ విడమరచి చెప్పకపోవడంతో చాలామంది ఇక్కడ ఆగిపోతారు.

మా బాబాయి బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. మొదట ఆయన ఇదంతా చూసి, "ఏరా, బొమ్మ మీద నొక్కితే అయ్యేదానికి ఇంత టైపు చేయడం ఎందుకు?" అన్నారు. ఆదాయపు పన్ను రిటర్ను వేసే ముందు ఆయనకు ఏటా ఒక పని ఉంటుంది. పాస్‌వర్డ్ ఉన్న పన్నెండు నెలల స్టేట్‌మెంట్లను ఒక్కొక్కటిగా తెరిచి, ప్రింట్ తీసి, ఆడిటర్‌కు ఇవ్వాలి. 'క్యూపీడీఎఫ్'తో పాస్‌వర్డ్ తొలగించి, 'పీడీఎఫ్‌యునైట్'తో ఏడాది మొత్తాన్ని ఒకే ఫైలు చేసి చూపించాను. "అయితే రాసివ్వరా, నేనే చేసుకుంటాను" అన్నారు, ఇప్పుడు చేసుకుంటున్నారు. ఆయనకు చెప్పిన జాగ్రత్తలే ఇక్కడా చెబుతాను. నెల సంఖ్యను ఒంటి అంకెతో కాకుండా ముందు సున్నా పెట్టి రాయాలి, లేకపోతే పదో నెల రెండో నెల కంటే ముందు చేరుతుంది. పీడీఎఫ్‌యునైట్‌లో చివర రాసిన పేరే ఫలితం ఫైలు, కాబట్టి దానికి కొత్త పేరు ఇవ్వడం మరిస్తే ఉన్న ఫైళ్లలో చివరిది చెరిగిపోతుంది. పాస్‌వర్డ్ ఉన్న కమాండ్ ముందు ఒక ఖాళీ వదిలితే, డెబియన్ సెట్టింగ్స్ ప్రకారం అది పాత కమాండ్ల జాబితాలో నిలవదు. అన్నిటికంటే ముఖ్యం, 'ఆర్ఎమ్'తో తీసేసిన ఫైలు చెత్తబుట్టలోకి పోదు, తిరిగి రాదు. తీసేయబోయే ముందు అవే పేర్లతో, ఫైళ్ల జాబితా చూపే 'ఎల్ఎస్' నడిపి ఏమేం పోతాయో చూసుకోవాలి, 'ఆర్‌సింక్'తో విడి డిస్కులోకి బ్యాకప్ తీసుకునే అలవాటు మొదటి వారంలోనే చేసుకోవాలి.

కమాండ్ లైన్‌ను ఒక కోర్సులా మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా చదివే పద్ధతిని నేను సిఫారసు చేయను. సొంత పనిలో విసుగు పుట్టించేది ఒకటి పట్టుకుని, దానికి కావలసిన రెండు మూడు కమాండ్లు నేర్చుకుంటే అవి మరపురావు. 'మ్యాన్' అని కొట్టి పక్కన కమాండ్ పేరు రాస్తే దాని పూర్తి వివరం వస్తుంది. ఆ పేజీలు కచ్చితంగా ఉంటాయి గానీ, అన్నీ ఇంగ్లిష్‌లో, అదీ తెలిసినవారికి గుర్తు చేసే తీరులో ఉంటాయి. బాబాయి తరం వారికి తెలుగులో ఉదాహరణలతో రాసిన వివరణలు అత్యవసరం, హైదరాబాదులో స్వేచ్ఛ వంటి సంస్థలు ఏళ్లుగా తెలుగు కంప్యూటింగ్ మీద శ్రమిస్తున్నా ఈ కొరత ఇంకా తీరలేదు. బెంగళూరులో ఉన్నవారికి ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ కర్ణాటక శిబిరాలు ఒక ఆసరా.

గ్నోమ్ టెర్మినల్ అనే ప్రోగ్రామ్‌లో తెలుగు సరిగా కనిపించదు. టెర్మినల్ తెరను సమానమైన గడులుగా చూస్తుంది, మన ఒత్తులూ గుణింతాలూ ఆ గడుల్లో ఇమడవు. ఒత్తు పక్కకు జరుగుతుంది, వరుసలు తప్పుతాయి. లోపల ఉన్న పాఠం చెడదు, చూపే తీరే చెడుతుంది. ఫలితాన్ని ఒక ఫైలులోకి పంపి ఎడిటర్‌లో తెరిస్తే అంతా సరిగ్గా ఉంటుంది. దీనికంటే మంచి దారి ఈమాక్స్ అనే ఎడిటర్. అందులోనే షెల్‌ను (కమాండ్లు అందుకుని నడిపే ప్రోగ్రామ్) నడుపుకుంటే ఒత్తులు చక్కగా కుదురుతాయి. లెక్కింపులోనూ జాగ్రత్త అవసరం. 'తెలుగు' అనే మాటను 'డబ్ల్యూసీ'తో అక్షరాలు లెక్కించమంటే మూడు అనదు, ఆరు అంటుంది, ఎందుకంటే గుణింతపు గుర్తులను అది విడిగా లెక్కిస్తుంది. బైట్లు లెక్కించమంటే 18 అంటుంది. పుటకు ఇన్ని అక్షరాలని పారితోషికం లెక్కవేసేవాళ్లు ఇది తెలుసుకుని ఉండాలి.

ముద్రిత పుటల స్కాన్‌ల నుంచి పాఠం రాబట్టడానికి టెస్సెరాక్ట్ అనే ప్రోగ్రామ్‌లో తెలుగు డేటా ఉంది. కొత్త పుస్తకాల శుభ్రమైన పుటల మీద అది ఉపయోగకరంగా ఉంటుంది, పాత అచ్చులో ఒత్తుల దగ్గర తడబడుతుంది.

ఎవరికి ఇది తగదో కూడా చెప్పాలి. ట్యాలీ మీద లెక్కలు నడిపేవారికి, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పుస్తకాలు కట్టేవారికి విండోస్ తప్పదు. అలాంటివారు ఆ పనికి ఒక యంత్రం ఉంచుకుని, మిగిలినదానికి డెబియన్ వాడుకోవచ్చు. 32 బిట్ యంత్రాలు ఉన్నవారు డెబియన్ 13 కోసం ప్రయత్నించవద్దు, వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఈ విడుదలతో ఆగింది. ప్రూఫ్ రీడర్లకు, అనువాదకులకు, సంఘాల కార్యదర్శులకు, పెన్షన్ కాగితాలు సొంతంగా చూసుకునే పెద్దలకు మాత్రం నేను నిస్సంకోచంగా దీన్నే చెబుతాను. డెబియన్ 13కు పూర్తి మద్దతు 2028 ఆగస్టు వరకు ఉంటుంది, ఆ తర్వాత దీర్ఘకాల మద్దతు 2030 జూన్ దాకా సాగుతుంది. ఎస్పీ రోడ్డులో కొన్న పాత ల్యాప్‌టాప్‌కు ఆ గడువు చాలు.