ఇంటి సర్వర్‌కి అపాచీనా, ఎంజినెక్సా, క్యాడీనా?

నల్లగొండ, పాలమూరు వైపు ఇంట్లోనే సైట్ నడుపుకుందామనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: సైట్ పేజీలను బయటికి అందించే ఈ మూడు వెబ్ సర్వర్ ప్రోగ్రామ్‌లలో ఏది వేసుకోవాలని. చాలామంది స్పీడ్ దగ్గర మొదలుపెడతారు, రోజుకు వందమంది కూడా రాని సైట్‌కి ఆ టెన్షన్ అక్కర్లేదు, పాత ల్యాప్‌టాప్ మీద ఈ మూడూ హాయిగా నడుస్తాయి.

నన్నడిగితే తేల్చాల్సింది సర్టిఫికెట్ దగ్గర, అంటే సైట్ అసలైనదేనని బ్రౌజర్‌కి రుజువు చూపించే ఫైలు దగ్గర. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చేది 90 రోజులే చెల్లుతుంది, గడువు దగ్గరపడిందని మెయిల్ పంపడం కూడా 2025 జూన్‌లో ఆపేశారు. 2029 నుంచి ఎవరిచ్చిన సర్టిఫికెటైనా 47 రోజులకు మించకూడదని నిర్ణయమైపోయింది. మిర్యాలగూడ ఇంట్లో సర్వర్ పెట్టి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాడు దాన్ని మార్చడానికి ప్రతిసారీ నాన్నకు ఫోన్ చేసి కమాండ్లు చెప్పలేడు కదా.

ఎంజినెక్స్‌తో సర్టిఫికెట్ మార్చే పని సర్ట్‌బాట్ అనే విడి ప్రోగ్రామ్ చేస్తుంది, బాగానే చేస్తుంది. చిక్కల్లా వెబ్‌రూట్ పద్ధతిలో (సైట్ ఫోల్డర్‌లో చిన్న ఫైలు పెట్టి రుజువు చూపడం) తీసుకుని రీలోడ్ హుక్ (కొత్తది రాగానే ఎంజినెక్స్‌ని మళ్లీ చదవమనే కమాండ్) పెట్టనివాళ్లకే: కొత్త సర్టిఫికెట్ డిస్క్ మీదికి వచ్చి కూర్చుంటుంది, ఎంజినెక్స్ పాతదే చూపిస్తుంది, లాగ్‌లో అంతా సవ్యంగా ఉంటుంది, పాతదాని గడువు తీరగానే బ్రౌజర్ మాత్రం హెచ్చరిస్తుంది. 2025లో ఎంజినెక్స్‌కీ సర్టిఫికెట్ తానే తెచ్చుకునే సొంత ఆక్మీ మాడ్యూల్ వచ్చింది గానీ అది విడిగా వేసుకోవాలి. క్యాడీలో సర్టిఫికెట్ తెచ్చేదీ, మార్చేదీ, వాడేదీ ఒకటే ప్రోగ్రామ్. డొమైన్ పేరు, ఫోల్డర్ దారి, ఇంకో లైను, కాన్ఫిగ్ అయిపోయింది. కరెంటు పోయి వచ్చాక లేవగానే గడువు తనే చూసుకుంటుంది. ర్యామ్ ఎంజినెక్స్ కన్నా ఎక్కువే తింటుంది, అదొక్కటే నాకు నచ్చదు.

వర్డ్‌ప్రెస్, హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లు (ఫోల్డర్‌లో పెట్టే అపాచీ సెట్టింగులు) ఉన్నవాళ్లు అపాచీనే ఉంచుకోండి.

ఇంకో మెలిక ఉంది. క్యాడీ ఇదంతా చేయాలంటే మామూలుగా 80, 443 పోర్టులు (బయటివాళ్లు సైట్‌కి వచ్చే దారులు) బయటికి తెరుచుకోవాలి. రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్యలో కనిపిస్తే మీరు సీజీనాట్ (ఇంటర్నెట్ కంపెనీ ఒకే అడ్రస్‌ని చాలా ఇళ్లకు పంచడం) వెనక ఉన్నట్టే, పోర్ట్ ఫార్వర్డింగ్ (రూటర్‌లో ఆ పోర్టులను సర్వర్ వైపు మళ్లించడం) ఎంత చేసినా దండగ. స్టాటిక్ ఐపీకి (మీ ఒక్కరికే, మారకుండా ఉండే అడ్రస్) డబ్బు కట్టాలి, లేదంటే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ (మీ సర్వర్ నుంచి క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ దాకా వేసుకునే దారి, చూసేవాళ్లు దానిగుండానే వస్తారు) పెట్టుకోవాలి. టన్నెల్ పెడితే చూసేవాళ్లకు కనిపించే సర్టిఫికెట్ క్లౌడ్‌ఫ్లేర్‌ది, క్యాడీతో వచ్చే పెద్ద లాభం అక్కడే పోతుంది, అలాంటప్పుడు ఎంజినెక్స్ తెలిసినవాళ్లు మారాల్సిన పనిలేదు.

ఏది వేసుకున్నా ముందు రూటర్‌కి ఒక మినీ యూపీఎస్ కొనండి, ల్యాప్‌టాప్‌కైతే బ్యాటరీ ఉంది, దానికి లేదు.