తిరుచానూరు రోడ్డు సైకిల్ షెడ్డు: ఎంటీబీని (మౌంటెన్ బైక్‌ని) ట్యూబ్‌లెస్ చేయించుకున్న అనుభవం

తిరుపతిలో గేర్ సైకిల్ పెట్టుకుని మట్టి రోడ్ల మీద తొక్కే వాళ్ళు ఎవరైనా ఉంటే ఇది చదవండి, ముఖ్యంగా ఆఫ్‌రోడ్ ట్రయాథ్లాన్ చేద్దామా అని ఆలోచిస్తా ఉన్నవాళ్ళు. తిరుచానూరు రోడ్డు వైపు ఒక సందులో రేకుల షెడ్డు ఉంది, బోర్డు లేదు, బయట పాత టైర్లు తగిలించి ఉంటాయి అదే గుర్తు. స్కూల్ పిల్లల సైకిళ్ళకి పంక్చర్లు వేసే షెడ్డే అనుకుని నేను రెండేళ్ళు దాని ముందు నుంచే పోతా వస్తా ఉన్నా, లోపలికి పోయింది లేదు. ఆ షెడ్డు నడిపే అన్న బెంగళూరులో పెద్ద సైకిల్ షోరూంలో పదేళ్ళు పనిచేసి వచ్చినాడని తర్వాత తెలిసింది.

తెలియని వాళ్ళకి రెండు ముక్కలు చెప్తా. ఆఫ్‌రోడ్ ట్రయాథ్లాన్ అంటే ముందు ఈత, తర్వాత మట్టి దారిలో ఎంటీబీ, చివర గుట్టల్లో పరుగు, మధ్యలో గడియారం ఆగదు. ఎక్స్‌టెర్రా అని పేరు వినే ఉంటారు, అది 1996లో హవాయిలోని మావి దీవిలో మొదలైంది, ఫుల్ రేసు అంటే 1.5 కిలోమీటర్ల ఈత, 30 కిలోమీటర్లకి అటూ ఇటూ సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. నేను చేసింది అంత పెద్దది కాదు, జనవరిలో కర్ణాటక వైపు జరిగిన చిన్న రేసు, 1 కిలోమీటర్ ఈత, 20 సైకిల్, 6 పరుగు. నేను బ్యాంకు ఉద్యోగిని, వయసు 36, పొద్దున 5 నుంచి 7 దాకా దొరికే టైంలోనే ప్రాక్టీసు. ఈత చంద్రగిరి దగ్గర మామ వాళ్ళ మామిడి తోట బావిలో, గట్టు మీద మా బావమరిది లారీ ట్యూబు పట్టుకుని కూర్చుంటాడు. కాళ్ళకి బలం కోసం వారానికి ఒకసారి శ్రీవారి మెట్టు, 2,388 మెట్లు, పరుగు కాదు, భక్తులకి అడ్డం రాకుండా ఆగకుండా ఎక్కడమే.

సమస్యంతా సైకిల్‌తోనే వచ్చింది. శేషాచలం అడవి లోపలికి మనం పోకూడదు, పోవాల్సిన పని కూడా లేదు, చెరువు కట్టలు, తోటల మధ్య బండి దారులు, చంద్రగిరి వైపు రాళ్ళ బాటలు చాలు, కానీ ఈ దారుల్లో పల్లేరు కాయలు ఎట్లా ఉంటాయో మన వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. దానికి తోడు సర్కారు తుమ్మ ముల్లు. ఒక్క ఆదివారం మూడు పంక్చర్లు వేసుకున్న రోజు కూడా ఉంది, మూడోది వేసేసరికి ఎండ నెత్తిన పడింది, ప్రాక్టీసు పోయింది, ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది. ఈ బాధ తప్పించుకుందామని ముందు ఒక చోట ట్యూబ్‌లెస్ (ట్యూబు లేకుండా టైరులోనే గాలి నిలిచేట్టు) చేయించినా, వాళ్ళు రిమ్‌కి మామూలు ప్లాస్టర్ లాంటి టేపు చుట్టి సీలెంట్ (చిన్న బొక్కల్ని లోపలి నుంచే పూడ్చే ద్రవం) పోసి ఇచ్చేసినారు, రెండో రోజుకి పుల్లల సందుల్లోంచి తెల్లగా కారిపోయింది. పైగా చెయిన్‌కి కొట్టిన ఆయిల్ స్ప్రే బ్రేకు డిస్క్ మీద పడి బ్రేకు పట్టడం మానేసింది. ఆ డబ్బులు పోతే పోయినాయి, దిగుడులో బ్రేకు లేకపోవడం అంటే ప్రాణంతో చెలగాటం, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నా.

షెడ్డు అన్న చేసిన పని చూడండి. ముందు చక్రం తీసి రిమ్ మీద ట్యూబ్‌లెస్ రెడీ అని ఉందా లేదా చూసినాడు, లేకుంటే చెయ్యను సామీ అని ముందే చెప్పినాడు. పాత టేపు పీకి, జిగురంతా స్పిరిట్‌తో తుడిచి, రిమ్ లోపలి వెడల్పు కొలిచి దానికి సరిపోయే టేపు బిర్రుగా లాగి చుట్టినాడు. వాల్వు లోపలి పిన్ను విప్పేసి కంప్రెసర్ పెడితే గాలి ఒక్కసారిగా లోపలికి దూరి టైరు అంచు రిమ్‌లో ఠక్ ఠక్ మని కూర్చుంది. ఆ తర్వాతే సీలెంట్, నా 29 ఇంచుల టైరుకి ఒక్కోదానికి 100 మిల్లీలీటర్లు, వాల్వులోంచే పోసినాడు. పోసి ఊరికే పెట్టలేదు, చక్రాన్ని అటు ఇటు ఊపి, ఒక పక్క కాసేపు ఇంకో పక్క కాసేపు పడుకోబెట్టి, సబ్బు నీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూసి, రాత్రంతా షెడ్డులోనే ఉంచుకున్నాడు. బ్రేకు ప్యాడ్లు నూనె పీల్చినాయి ఇంక పనికిరావని పారేసి కొత్తవి వేసినాడు.

గాలి గురించి ఆయన చెప్పింది మాత్రం బంగారం. నేను ట్యూబుతో 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి లెక్క) కొట్టేవాడిని, తక్కువైతే రాయి తగిలినప్పుడు ట్యూబు రాయికీ రిమ్‌కీ మధ్య నలిగి పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు బొక్కలు పడేవి. ట్యూబే లేనప్పుడు ఇంక ట్యూబు నలిగేదేముంది? నా బరువు 72 కిలోలు, ముందు 22, వెనక 25 పెట్టించినాడు. మొదట టైరు మెత్తగా ఉందని భయమేసింది, కానీ రాళ్ళ బాట ఎక్కినాక తెలిసింది, టైరు రాయిని కరుచుకుని పోతా ఉంది, ఇదివరకు ఎగిరెగిరి పడేది. ఒళ్ళు నొప్పులు కూడా తగ్గినాయి, దిగినాక పరిగెత్తాల్సిన వాళ్ళకి అది శానా ముఖ్యం.

పంక్చర్ల గురించి ఇంకో మాట అన్నాడు: "రేసులో ఎవురూ వొచ్చి వెయ్యరు సామీ, నీ చేత్తో నువ్వే వేసుకోవల్ల." నిజమే, ట్రయాథ్లాన్‌లో బయటి వాళ్ళ సాయం తీసుకోకూడదు. మోటర్ సైకిల్ ట్యూబ్‌లెస్ టైర్లకి గుచ్చే స్ట్రిప్ ఉంటుంది కదా, అదే రకం సన్నది, పాత టైరుకి మేకుతో బొక్క పెట్టి నా చేత పది సార్లు గుచ్చించినాడు. దానికి ఒక్క రూపాయి తీసుకోలేదు.

రేసులో 13వ కిలోమీటర్ దగ్గర పదునైన రాయి వెనక టైరు కోసేసింది, సీలెంట్ పిచికారీ లాగా నా కాలి మీద పడతా ఉంది. దిగి, బొక్కని చేత్తో వెతికి, స్ట్రిప్ గుచ్చి, పంపు కొట్టి మళ్ళీ ఎక్కేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. మొత్తం 2 గంటల 41 నిమిషాలకి ఫినిష్ చేసినా. ఇంటికొచ్చి టైరు కడిగి చూస్తే దాంట్లో విరిగిన పల్లేరు ముళ్ళు ఆరు, ఒక్కదాని దగ్గర కూడా గాలి పోలేదు. ఆ టైరు తీసుకుపోయి అన్నకి చూపిస్తే ముళ్ళు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసుకున్నాడు.

ఖర్చు టేపు, వాల్వులు, సీలెంట్, ప్యాడ్లు, కూలీ అన్నీ కలిపి 4,300 అయింది, దాంట్లో కూలీ 600 మాత్రమే.

ఇబ్బందులూ ఉన్నాయి. నాలుగు రోజులన్నాడు తొమ్మిది రోజులు పట్టింది, వాల్వులు ఊళ్ళో దొరక్క బెంగళూరు నుంచి తెప్పించినాడు. ఫోన్ ఎత్తడు. బిల్లు ఇవ్వడు. ముందు షాకబ్జార్బర్ సర్వీసు చెయ్యడు, తన దగ్గర సామాన్లు లేవని ఒప్పుకుంటాడు, తెలియని పని మీద చెయ్యి పెట్టకపోవడం నాకైతే నచ్చింది. గంగమ్మ జాతర వారం షెడ్డు తియ్యడు. రేసు ఉంటే కనీసం నెల ముందు ఇవ్వండి, వారం ముందు ఇచ్చి తొందర పెట్టొద్దు.

సీలెంట్ మన ఎండలకి తొందరగా ఎండిపోతుంది, ఎండాకాలం రెండు నెలలకోసారి చూపించుకోవాలి. చక్రం చెవి దగ్గర పెట్టుకుని ఊపండి, లోపల నీళ్ళు కదిలిన చప్పుడు రాకపోతే తీసుకుపోవాల్సిందే. పొద్దున 11 లోపల పోతే అన్న ఖాళీగా దొరుకుతాడు, తర్వాత స్కూల్ సైకిళ్ళు వచ్చేస్తాయి, వాటికే ముందు చేస్తాడు, పిల్లలు సాయంత్రం ఇంటికి పోవాల కదా అంటాడు.